పోపుల డబ్బాలో తెల్ల బిళ్ళలు

మోకాళ్ళు మాట వినని వయసులో బస్సెక్కాలంటే గట్టి కారణమే ఉండాలి. పాల్వంచ నుంచి నా చెల్లెలి కూతురు స్వాతి ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఒక్కసారి వచ్చిపో. ఫోన్ల చెప్పేది కాదు" అంది. ఫోనులో చెప్పలేనిది ఏముంటుందిలే, మొగుడూ పెళ్ళాం మాటామాటా అనుకుని ఉంటారు, నేను వెళ్ళి తీర్పు చెప్పాలి కాబోలు అని విసుక్కుంటూనే బయల్దేరాను. సత్తుపల్లిలో ఎక్కిన బస్సు కొత్తగూడెంలో దింపింది. అక్కడ ఇంకో బస్సు. థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపించేసరికి నడుం పడిపోయింది. రిటైరైన టీచరంత తేరగా దొరికే మనిషి ఏ కుటుంబంలోనూ ఉండదు. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి పెళ్ళి చెడినా ముందు ఆమెకే ఫోన్ చేస్తారు.

స్వాతి భర్త షిఫ్టుకి వెళ్ళాడు. వాళ్ళ ఐదేళ్ళ పిల్ల చిన్ని మంచం మీద బోర్లా పడుకుని ఫోనులో బొమ్మలు చూస్తోంది. "అమ్మమ్మ వచ్చింది, లే" అంటే తల తిప్పింది గానీ లేవలేదు. స్వాతి పిల్ల గౌను పైకెత్తి తొడలు చూపించింది. మధ్యలో ఎండిపోయిన చెక్కు, దాని చుట్టూ కొత్తగా లేచిన నీటి పొక్కులు, ఎవరో తీరిగ్గా కూర్చుని పూసలు గుచ్చినట్టు. నేను మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయాను. యాభై ఏళ్ళు దాటింది వాటిని చూసి. అప్పుడవి నా ఒంటి మీద ఉండేవి.

"డాక్టరు దగ్గరికి తీస్కపోయినవా?" అని అడిగాను. తీసుకెళ్ళింది. ఖమ్మంలో చర్మం డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది, రక్తం కూడా చూసింది. ఇది అంటుకునేది కాదని, ఒంటిని కాపాడాల్సిన రక్తమే పొరపాటుపడి తన చర్మాన్ని తానే పరాయిదనుకుని పోట్లాడుతోందని, చాలామంది పిల్లల్లో పెద్దయ్యేసరికి దానంతటదే సద్దుమణుగుతుందని కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. ఈ మందు పిల్ల రక్తానికి పడుతుందో లేదో ముందే చూసుకుని, రోజుకు ఒక బిళ్ళ రాసిచ్చింది. మూడో రోజుకే పొక్కులు అణిగాయట. మరి ఇప్పుడివేమిటంటే స్వాతి తల దించుకుంది. "మందుల షాపాయన అడిగిండు పెద్దమ్మా, ఇది కుష్ఠు గోలీ కదమ్మా, ఎవరికి అని. నేను ఫోన్ల కొట్టి చూసిన. అవ్, గదే వచ్చింది. ఆపేసిన. వారం అయింది. మా అత్తకు తెలిస్తే ఏమన్నా ఉందా? బళ్ళ తెలిస్తే పిల్లను కూసోనిస్తరా?"

నాకు కోపం వచ్చింది. అరవబోయాను. ఏమని అరవను? అదే సంగతి మా ఇంట్లో ఎలా జరిగిందో తెలిసిన మనిషిని. "బిళ్ళలేవి?" అన్నాను. స్వాతి వంటింట్లోకి వెళ్ళి, అల్మారా పైనుంచి ఒక ఇత్తడి డబ్బా దించి, మూత తీసి నా చేతికిచ్చింది. పిన్నీసులు, పాత తాళంచెవులు, కరెంటు బిల్లులు, వాటి మధ్య సగం ఖాళీ అయిన బిళ్ళల అట్ట. అది మా అమ్మ పోపుల డబ్బా. అమ్మ పోయాక చెల్లెలికి వచ్చింది, చెల్లెలు దీనికి పెళ్ళిలో ఇచ్చింది. మూత అంచున సొట్ట అలాగే ఉంది. స్వాతికి పోపు సామాన్లకు ప్లాస్టిక్ డబ్బాలున్నాయి కాబట్టి దీంట్లో పనికిరానివన్నీ పడేస్తోంది. పాపం దానికేం తెలుసు, మా ఇంట్లో మొట్టమొదట ఆ బిళ్ళలు దాచింది కూడా ఆ డబ్బాలోనే అని.

మాది ఈ ప్రాంతం కాదు. తాతగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి దమ్మపేట అవతల, అడవి అంచున పొలం చేశారు. పొగాకు, మిరప. నాన్న ఎప్పుడూ పొగాకు ఆకు కాల్చే బ్యారన్ దగ్గరే ఉండేవాడు. ఆయన చొక్కాలో, తల్లో, చివరికి ఆయన తిన్న కంచంలో కూడా ఆ వాసనే. అమ్మది ఖమ్మం పక్క పల్లె. "ఏంది, గట్ల కాదు" అని అమ్మ మాట్లాడితే నాయనమ్మ మూతి తిప్పేది. "పదేళ్ళయింది కాపరానికొచ్చి, ఇంకా మాట తిరగలేదు దీనికి" అనేది. వంటిల్లు నాయనమ్మది. అమ్మ రుబ్బాలి, తరగాలి, కడగాలి. పొయ్యి ముందు కూర్చుని తాలింపు వేసే హక్కు మాత్రం నాయనమ్మదే. ఆవిడ ఇంగువ వేస్తే వాసన పెరడు దాటి చేలోకి వెళ్ళేది, దాన్ని బట్టి నాన్న అన్నానికి వచ్చేవాడు. తెల్లచీర కట్టుకుని ఒంటిపూట తినే మనిషికి ఆ వాసన ఒక్కటే సుఖం అని నాకు ఇప్పుడు తోస్తుంది. అప్పుడు తోచలేదు. పిల్లలకు ఏం తోస్తుంది?

నాకు ఏడో ఏడు నడుస్తుండగా, వినాయక చవితి వెళ్ళాక, నోటి చుట్టూ నాలుగు పొక్కులు లేచాయి. తరువాత తొడల మీద, నడుం మీద. నాయనమ్మ చూసి చెంపలు వేసుకుంది. "అమ్మవారు పోసిందే తల్లీ" అంది. అంతే, గుమ్మానికి వేపమండలు కట్టేశారు. చాకలామె రావడం మానింది. బిచ్చం వెయ్యకూడదు, తల దువ్వకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో తాలింపు వెయ్యకూడదు. నూనె చిటపటమంటే అమ్మవారికి ఒళ్ళు మండుతుందట, పిల్ల ఒంటి మీద చూపిస్తుందట. పోపుల డబ్బా మూత పెట్టి, పసుపు గుడ్డ కట్టి, అటక మీద పెట్టారు. చప్పటి పెసరపప్పు, చల్లన్నం, పలచటి మజ్జిగ. మందుల మాట ఎత్తకూడదు. అమ్మవారికి మందేసే మొనగాడు ఎవడు?

ఎవరింట్లోనైనా ఆ తల్లి పది రోజులుంటుంది, మూడు నీళ్ళు పోస్తే వెళ్ళిపోతుంది. మా ఇంట్లో పోలేదు. నీళ్ళు పోసి, పొలిమేరలో పెరుగన్నం, పానకం పెట్టి సాగనంపి వచ్చిన నాలుగో రోజుకు మళ్ళీ పొక్కులు లేచాయి. రెండోసారి సాగనంపారు. మూడోసారీ సాగనంపారు. మామిడి పూత వచ్చింది, మా ఇంట్లో మాత్రం ఆవాలు చిటపటలాడలేదు. నాన్న చప్పటి కూడు తిని తిని చిక్కిపోయాడు. దురదకు నేను రాత్రీపగలూ గోకేదాన్ని. పొక్కు పగిలి గౌను అతుక్కుపోతే, అమ్మ గోరువెచ్చని నీళ్ళతో తడిపి తడిపి తీసేది, అయినా పైచర్మం గుడ్డతోపాటే వచ్చేది. ఆ మంట గురించి రాయమంటే నా వల్ల కాదు. నాయనమ్మను తిట్టుకోవాలనిపిస్తుంది గానీ తిట్టలేను. నాతోపాటు మేలుకుని వేపమండతో విసిరేది. "ఎవరివల్ల ఏ తప్పు జరిగిందో చెప్పు తల్లీ, ఆ శిక్ష నాకెయ్యి" అని గోడకు తల ఆనించి ఏడ్చేది. ఆవిడకు తెలిసిన వైద్యం అదే, అది మనస్ఫూర్తిగా చేసింది.

అప్పుడు మా ఇంటికి వచ్చే బయటి మనిషి సమ్మక్క ఒక్కతే. అడవి వైపు గూడెంలో కోయ మనిషి. మా పొగాకు చేలో పనిచేసేది, విస్తళ్ళు కుట్టే అడ్డాకులు కట్టలు కట్టి తెచ్చేది. అడవి మనుషులు అమ్మవారికి అయినవాళ్ళేనని నాయనమ్మ లెక్క, అందుకని సమ్మక్కకు అడ్డు చెప్పలేదు. అది పొడుగ్గా, మాటకు ముందు నవ్వుతూ ఉండేది. నన్ను చాప మీద చూసి, "గుడ్డల మీద ఎందుకమ్మా పండుకోబెడుతున్రు, అతుక్కుపోదా?" అని పెరట్లోకి వెళ్ళి లేత అరటాకు కోసి, దానికి నువ్వుల నూనె రాసి పరిచింది. నన్ను రెండు చేతుల మీద పసిగుడ్డును ఎత్తినట్టు ఎత్తి దాని మీద పెట్టింది. ఎన్నో నెలల తరువాత ఆ పూట నిద్రపోయానని అమ్మ చెప్పేది. ఆ రోజు నుంచి పొద్దున్నొకటి, సాయంత్రమొకటి అరటాకు.

అమ్మ ఒకరోజు తెగించింది. "మా అమ్మకు పానం బాగలేదట" అని అబద్ధం చెప్పి నన్నెత్తుకుని పుట్టింటికి వెళ్ళింది. అక్కడినుంచి మామయ్యను తోడు తీసుకుని, ఖమ్మంలో రైలెక్కి వరంగల్ పెద్దాసుపత్రికి. అక్కడ మందపాటి కళ్ళద్దాల ముసలి డాక్టరు నన్ను చూసి, కుర్ర డాక్టర్లను పిలిచి, "చూడండి, పూసలదండ" అన్నాడు. నా నొప్పి ఈయనకు దండలా కనిపిస్తోందా అని నాకు ఉక్రోషం వచ్చింది. అమ్మతో మాత్రం మెల్లిగా మాట్లాడాడు. అమ్మవారు కాదు, అంటురోగం కాదు, చిన్న బిళ్ళతో తగ్గుతుంది అన్నాడు. ఆ బిళ్ళ కుష్ఠు వాళ్ళకు ఇచ్చేదేనని దాచకుండా చెప్పాడు. అమ్మ మొహం పాలిపోయింది. "ఏం తల్లీ, వంకాయలూ మామిడికాయలూ ఒకే కత్తిపీటతో కోస్తవా లేదా? వంకాయ కోసినంత మాత్రాన మామిడికాయ వంకాయ అయితదా?" అన్నాడు. అమ్మ ఆ మాట చచ్చేదాకా మరిచిపోలేదు. బిళ్ళలు మీ ప్రాంతంలో కుష్ఠు వాళ్ళకు మందులు పంచే మనిషి దగ్గర తీసుకోండని చీటీ రాసిచ్చాడు.

ఇంటికి తిరిగొచ్చాం. చీటీ ఉంది, ఆ మనిషి ఎక్కడుంటాడో అమ్మకు తెలియదు. నాన్నకు చెబితే మింగలేక కక్కలేక నలిగిపోతాడు, నాయనమ్మకు చెబితే ఇల్లు పీకి పందిరేస్తుంది. మూడు రోజులు చీటీ కొంగున కట్టుకుని తిరిగింది. చివరికి అరటాకు పరుస్తున్న సమ్మక్కను పట్టుకుని గుసగుసగా అడిగింది. నేను ఆకు మీదే ఉన్నాను. పిల్లలు విననట్టు పడుకుంటారని పెద్దవాళ్ళు ఎప్పుడూ మరిచిపోతారు. సమ్మక్క నవ్వు ఆగిపోయింది. అటూ ఇటూ చూసింది. "గా తెల్ల గోలీలా? మా ఆయనకు సైకిల్ సారు ఇస్తడమ్మా. దమ్మపేట సంతనాడు వస్తడు. ఆయనకు వేళ్ళు మొద్దుబారుతున్నయ్. గూడెంల కూడా ఎవరికీ ఎరుక లేదు. నీ నోట్లె పెట్టుకో తల్లీ, బయటికి రానియ్యకు" అంది. అమ్మ దాని చెయ్యి పట్టుకుని, "నా బిడ్డ మీద ఒట్టు సమ్మక్కా" అంది. అలా ఒకరి గుట్టు ఒకరి దగ్గర పెట్టుకున్నారు. మూడో మనిషి అక్కడే ఉంది, అరటాకు మీద బోర్లా పడుకుని.

సంతనాడు సమ్మక్క చీటీ తీసుకెళ్ళి బిళ్ళలు మోదుగాకులో చుట్టి తెచ్చింది. ఎక్కడ దాచాలి? నాయనమ్మ చెయ్యి పడని చోటు ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. అమ్మవారు ఇంట్లో ఉన్నంతకాలం పోపుల డబ్బా ఎవరూ ముట్టుకోరు. అమ్మ పసుపు గుడ్డ విప్పి, పొట్టు తీసిన తెల్ల మినప్పప్పు గిన్నెలో అడుగున బిళ్ళలు కప్పిపెట్టింది. తెలుపులో తెలుపు కలిసిపోయింది. పొద్దున్నే నాయనమ్మ గొడ్ల దగ్గరికి వెళ్ళగానే అమ్మ అటక మీదికి చెయ్యి చాపేది. బెల్లం ముక్కలో బిళ్ళ పెట్టి, "నమలకు, మింగు. నాయనమ్మకు చెప్పొద్దు. చెప్తే నాలుక కోస్త" అనేది. ఆ బిళ్ళకు ఇంగువ వాసన పట్టి ఉండేది. ఇప్పటికీ ఇంగువ వాసన వస్తే నాకు బెల్లం నోట్లో ఉన్నట్టుంటుంది.

నాలుగు రోజులకు దురద పోయింది. పది రోజులకు పొక్కులు రాలేదు. మందు గుణానికి పెదాలు మాత్రం నేరేడుపళ్ళు తిన్నట్టు నీలంగా మారాయి. "కాలం కాని కాలంలో నేరేడుపళ్ళెక్కడివే నీకు?" అని నాయనమ్మ ఆరా తీస్తే, అమ్మ చలికి అంది. నెల తిరిగేసరికి ఒంటి మీద తెల్ల మచ్చలు తప్ప ఏమీ లేవు. నాయనమ్మ సంబరం చూడాలి! "నా తల్లి శాంతించింది" అని ఊరంతా చాటింది. నాలుగోసారి, ఆఖరిసారి నీళ్ళు పోసింది. గుమ్మం మీది ఎండు వేపమండలు ఊడబెరికింది. అమ్మను బావి దగ్గరికి బట్టలు ఉతకడానికి పంపి, తాను పొయ్యి వెలిగించింది. మామిడికాయ పప్పు. ఎన్నో నెలల తరువాత మా ఇంట్లో తాలింపు! నేను కొత్త గౌను వేసుకుని వంటింటి గడప మీద కూర్చున్నాను. గరిటెలో నూనె కాగింది. అటక మీద నుంచి డబ్బా దించి, గుడ్డ విప్పి, మినప్పప్పు గుప్పిట్లోకి తీసుకుంది.

గుప్పిట విప్పి చూసుకుంది. "ఏంటే ఇవి?" అంది. నా వంక చూడలేదు, తనలో తాను అనుకున్నట్టే అంది. నేను నోరు మూసుకుని ఉండవచ్చు. అమ్మ చెప్పొద్దంది. కానీ రోగం తగ్గిందన్న ఉషారు, నాయనమ్మకు తెలియనిది నాకు తెలుసన్న గొప్ప. నా పాపిష్టి నోరు ఊరుకోలేదు. "అవి నా బిళ్ళలే నాయనమ్మా. సమ్మక్క తెచ్చింది. వాళ్ళాయన కూడా ఇవే వేసుకుంటాడు, వేళ్ళు మొద్దుబారకుండా" అన్నాను. నాయనమ్మ కదల్లేదు. గరిటెలో నూనె మాడి పొగ లేచింది. ఆ పొగ వెనకాల ఆవిడ మొహం ఎలా మారిందో చూసి నాకు ఏడుపొచ్చింది గానీ, ఏం తప్పు చేశానో అప్పటికింకా అర్థం కాలేదు.

ఆవిడకు మటుకు అంతా అర్థమైపోయింది, అదీ తలకిందులుగా. పిల్లకు వచ్చింది పెద్దరోగం. అంటించింది సమ్మక్క, రోజూ ఎత్తుకుని, ఆకులు పరిచి. కోడలు తెలిసి దాచింది. బిళ్ళలన్నీ, మినప్పప్పుతో సహా, పొయ్యిలో పోసింది. డబ్బా గోడకేసి కొట్టింది, ఆ సొట్ట అప్పటిదే. బావి దగ్గర నుంచి అమ్మ పరుగెత్తుకొచ్చి, డాక్టరు మాట, కత్తిపీట మాట అన్నీ చెప్పింది. ఎవరు వినాలి? సాయంత్రం సమ్మక్క అడ్డాకుల కట్ట నెత్తిన పెట్టుకుని, నవ్వుకుంటూ వచ్చింది. నాయనమ్మ గడపలో నిలబడి, "అక్కడే ఆగు. ఇక ఈ గడప తొక్కమాకు. నీ మొగుడి రోగం మా పిల్లకు పెట్టావు" అంది. సమ్మక్క అమ్మ వైపు చూసింది. అమ్మ గోడవైపు తిరిగింది. కట్ట అక్కడే దించి వెళ్ళిపోయింది. రెండు రోజుల్లో ఊళ్ళో ఏ చేలోనూ దానికి పని లేకుండా పోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఊరి సంగతి నాకు తెలియదు గానీ, నా నోరు మాత్రం మంచిది కాదు.

తొమ్మిదో రోజున నాకు మళ్ళీ పొక్కులు లేచాయి, ఈసారి నోట్లో కూడా. మజ్జిగ కూడా మింగలేకపోయాను. మైలచేతులతో సాగనంపాం, అమ్మవారు దారిలోనే వెనక్కి తిరిగింది అంది నాయనమ్మ. మళ్ళీ వేపమండలు తెమ్మంది. అమ్మ ఎప్పుడూ అత్తకు ఎదురు చెప్పని మనిషి. ఆ రోజు మండలు తీసుకుని పెరట్లో విసిరేసింది. "నా బిడ్డ చచ్చినంక కట్టు నీ మండలు!" అని నన్ను చంకనేసుకుని, తెల్లారకముందే గూడెం దారి పట్టింది. నాన్న పొగాకు బ్యారన్ దగ్గర నిలబడి మమ్మల్ని చూశాడు. ఆపలేదు, తోడూ రాలేదు.

సమ్మక్క గుడిసె ముందు వాకిలి ఊడుస్తోంది. మమ్మల్ని చూసి చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. అమ్మ దాని కాళ్ళ దగ్గర కూలబడింది. "తప్పైంది సమ్మక్కా. నేను చెప్పలే, నా బిడ్డ మీద ఒట్టు. మా అత్త డబ్బా తెరిచి చూసింది" అంది. పాపం అమ్మకు నిజంగా తెలియదు, డబ్బా తెరిస్తేనే అంతా బయటపడిందనుకుంది. కానీ బిళ్ళలు చూస్తే మొగుడి సంగతి ఎలా తెలుస్తుంది? సమ్మక్కకు ఆ లెక్క వెంటనే తేలింది. ఆ మాట విన్నవాళ్ళం ముగ్గురమే కదా. అది నా మొహంలోకి చూసింది. నేను అమ్మ భుజంలో మొహం దాచుకున్నాను. ఏమైనా అంటుందని, అమ్మతో చెబుతుందని వణికిపోయాను. "పిల్ల నోరు చూడమ్మా ఎట్లయిందో" అని మాత్రం అని, లోపలికి వెళ్ళి మోదుగాకు పొట్లం తెచ్చింది. వాళ్ళాయనవి. పదో పన్నెండో ఉంటాయి. "వచ్చే సంతదాంక ఇవే ఉన్నయ్. తీస్కపో. ఆయనకు పెద్దోని పానం, ఆగుతది" అంది. గుడిసె లోపలినుంచి మగమనిషి దగ్గు వినిపించింది. సమ్మక్క ఒక బిళ్ళను రాతి మీద నలిపి, నీళ్ళలో కలిపి, తన వేలితో నా నాలుక మీద రాసింది. అప్పుడు దాని వేలికి ఇంగువ వాసన లేదు. చేదు.

ఒకరి మందు ఒకరికి ఇవ్వకూడదని, ఆయనకు ఆ బిళ్ళలు మానకుండా పడాలని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు అమ్మకు తెలియదు, సమ్మక్కకు తెలియదు. అక్కడినుంచి అటే మేము ఖమ్మం బస్సెక్కి అమ్మమ్మగారింటికి వెళ్ళిపోయాం. అమ్మ రెండేళ్ళు అక్కడే ఉండి నాకు మందు ఇప్పించింది. పన్నెండో ఏడు వచ్చేసరికి రోగం నన్ను వదిలేసింది. మేము తిరిగి వచ్చాక అమ్మ మొదట చేసిన పని గూడేనికి వెళ్ళడం. గుడిసె లేదు. గోదావరి దాటి భద్రాచలం అవతలికి వెళ్ళిపోయారని ఒకరు, వెదురు కొట్టే పనికి పోయారని ఒకరు చెప్పారు. తరువాత నాకు ఉద్యోగం వచ్చి పదేళ్ళు భద్రాచలానికి ఇవతలి ఒడ్డున సారపాకలో పనిచేశాను. సంతలో అడ్డాకుల కట్ట కనిపిస్తే అమ్మే మనిషి మొహం చూసేదాన్ని. వెతికానని మాత్రం చెప్పను. వెతికితే దొరుకుతుందేమోనని భయపడ్డాను. దొరికితే ఆయన చేతులు చూడాల్సి వస్తుంది కదా. అమ్మ చనిపోయేదాకా కూడా నోరు జారింది నేనేనని చెప్పలేదు. నాయనమ్మ చెప్పలేదు, సమ్మక్క చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అందరికన్నా ఎక్కువ మాట్లాడే నేను ఒక్క ఆ మాట దగ్గర ఇంతకాలం బెల్లంకొట్టిన రాయిలా ఉన్నాను.

పాల్వంచ క్వార్టర్లో, ఆ సొట్ట డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఇదంతా స్వాతికి చెప్పాను. చెప్పి చెప్పి గొంతు ఎండిపోయింది. కత్తిపీట మాట కూడా చెప్పాను. అది కొంగుతో కళ్ళు తుడుచుకుని, డాక్టరమ్మకు ఫోన్ చేసి, మధ్యలో ఆపినందుకు నాలుగు చీవాట్లు తిని, మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో రాసుకుంది. చిన్ని బిళ్ళ మింగి, నీళ్ళు తాగి, మళ్ళీ బొమ్మల్లో పడింది. ఎంత తేలిక! అప్పుడు మా అమ్మకు రైలు కావాల్సి వచ్చింది, అబద్ధం కావాల్సి వచ్చింది, ఇంకొకరి మొగుడి మందు కావాల్సి వచ్చింది. ఇప్పుడు పరీక్ష ఉంది, పేరుంది, డాక్టరు ఫోను ఎత్తుతుంది. మారనిది ఒక్క భయమే. అది అడవి దాటి, గోదావరి దాటి, కంపెనీ క్వార్టర్ల దాకా వచ్చి కూర్చుంది. దాంతో పోట్లాడే ఓపిక నాకిక లేదు. మర్నాడు బస్సెక్కి వచ్చేశాను.

నెల తిరిగాక స్వాతి ఫోన్ చేసింది. పొక్కులన్నీ పోయాయట, పిల్ల బడికి పోతోందట. "మంచిదే. మీ అత్త ఏమంది?" అని అడిగాను. "ఆమెకు, బళ్ళ టీచర్లకు బలం గోలీలని చెప్పిన పెద్దమ్మా. ఎందుకొచ్చిన గొడవ" అంది. ఆ రోజు మంచం మీద పిల్ల బొమ్మలు చూస్తోంది కదా, వినడం లేదు కదా అనుకుని అన్నీ చెప్పేశాను. అరటాకు మీద పడుకున్న నేనే ఆ సంగతి మరిచిపోయాను. చిన్ని ఫోన్ లాక్కుంది.

"అమ్మమ్మా, బలం గోలీలని చెప్పుమంది అమ్మ. నిజం చెప్పొద్దంట."

"అవునా తల్లీ?"

"అవ్. గప్పుడు నువ్వు చెప్తే సమ్మక్కను ఎల్లగొట్టిన్రు కదా. ఇప్పుడు నేను చెప్తే ఎవల్ని ఎల్లగొడ్తరు?"

ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లలకు జవాబులు చెప్పినదాన్ని. "అమ్మకు ఫోనివ్వు" అన్నాను.